కొసరూ తరుగూ

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ కూరలు తేవడం మా ఆవిడ పని. రిటైరయ్యాక సంచి నా చేతికొచ్చింది. రాజమండ్రిలో మా వీధి మలుపున వేపచెట్టు కింద పొద్దున్నే ఒకావిడ తట్టలు దింపుతుంది. లంకల్లో పండిన కూరలు. వంకాయలకు ఇంకా తడి ఆరి ఉండదు. ఆవిడ దగ్గర ఎలక్ట్రానిక్ కాటా ఉంది. వంకాయలు వేయగానే ఎర్ర అంకెలు కాసేపు తచ్చాడి, అయిదు గ్రాముల తేడా కూడా దాచకుండా ఒకచోట నిలబడతాయి. నేను ఫోను తీసి స్కాన్ చేస్తాను. తట్ట పక్కనున్న డబ్బా ఎంత వచ్చిందో వీధంతా వినపడేలా చెబుతుంది. అక్కడితో బేరం ముగిసినట్టే. కానీ నేను సంచి మూతి ముడిచేలోపు ఆవిడ చెయ్యి ఒకసారి తట్టలోకి వెళ్ళొచ్చి, రెండు పచ్చిమిరపకాయలూ ఓ కరివేపాకు రెబ్బా సంచిలో పడేస్తుంది. అది కాటా ఎక్కదు. డబ్బా చెప్పదు. కాటా ఇంత నిక్కచ్చిగా తూచాక ఈ కొసరు ఎక్కడి నుంచి ఊడిపడింది? ముప్ఫై ఏళ్ళు బ్యాంకులో లెడ్జర్లు కూడినవాణ్ణి. లెక్కలో లేనిది సంచిలో పడితే నాకు అదో దురద.

డిగ్రీలో నేను చదివింది అర్థశాస్త్రమే, అదీ తెలుగు మీడియంలో. క్షీణోపాంత ప్రయోజన సూత్రం అని ఒకటుండేది. పేరు నోరు తిరగడానికే ఒక వారం పట్టింది. మాకు పాఠం చెప్పినాయన తాపేశ్వరం కాజాతో చెప్పారు: మొదటి కాజా అమృతం, రెండోది తీపి, మూడోది ఫరవాలేదు, నాలుగోది చూస్తే వెగటు. అదే సూత్రం. 1870ల్లో ఇంగ్లండులో జెవన్స్, వియన్నాలో మెంగర్, లొసాన్‌లో వాల్రాస్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే దాదాపు ఇదే మాట పట్టుకున్నారనీ, వస్తువు విలువ దాన్ని చేయడానికి పడ్డ శ్రమలో కాక, వాడుకునేవాడికి ఆ చివరి ముక్క ఇచ్చే తృప్తిలో ఉందన్నారనీ, ఇప్పుడు ప్రపంచమంతా కాలేజీల్లో చెప్పే శాస్త్రం ఆ పునాది మీదే లేచిందనీ చెప్పారు. ప్రతి సూత్రానికీ ముందు ఒక వాక్యం తప్పనిసరి: ఇతర పరిస్థితులు మారకుండా ఉన్నట్లయితే. ఆ వాక్యం రాయకపోతే ఒక మార్కు కోత. ఆ సాయంత్రమే ఊళ్ళో పెళ్ళి భోజనం. ఆకు మీద అరచెయ్యి అడ్డం పెట్టి "ఇంక చాలండీ" అంటుంటే, చేతి సందులోంచి మూడో గారె జార్చేసి "ఆయ్, కుర్రాళ్ళు, ఈ మాత్రం తినకపోతే ఎలాగండీ" అని వెళ్ళిపోయాడు వడ్డించేవాడు. మావైపు వడ్డించడం వేరు, కొసరి కొసరి వడ్డించడం వేరు. ఆ మూడో గారె తిన్నది తృప్తి కోసమా, మొహమాటం కోసమా? సూత్రంలో మొహమాటానికి చోటు కనపడలేదు. ఇతర పరిస్థితులంటే ఇవేనేమో అనుకుని ఊరుకున్నాను.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ శాస్త్రాన్ని అంత తేలిగ్గా తీసెయ్యడానికీ లేదు. కొసరుకి దాని దగ్గర చక్కటి సమాధానమే ఉంది. కొసరు అంటే పేరు మార్చుకున్న తగ్గింపు. రెండు మిరపకాయలకు ఆవిడకయ్యే ఖర్చు దాదాపు సున్నా. సాయంత్రానికి ఎలాగూ వాడిపోతాయి. వాటితో రేపు నన్ను మళ్ళీ ఆ చెట్టు కిందికే రప్పించుకుంటుంది. నేను కొన్నాళ్ళు గమనించి చూశాను. కారాపి, అద్దం దింపి, కిలో టమాటాలు అడిగి పోయేవాళ్ళకి ఆవిడ కొసరెయ్యదు. రోజూ వచ్చే మాకే. మరి ఇది వ్యాపారం కాదని ఎలా అనను? ఇంకొకటి కూడా చూశాను. 1999లో రైతుబజార్లు వచ్చినప్పుడు నల్లబల్ల మీద ధర రాసిపెట్టి, బేరం లేకుండా అమ్మడం మొదలైంది; దళారీ పోయాడు, ధర మేలైంది. అక్కడా కొసరు అడిగేవాళ్ళు అడుగుతూనే ఉన్నారు, వేసేవాళ్ళు వేస్తూనే ఉన్నారు. ధర పక్కాగా రాసి ఉన్నచోటే కొసరు ఇంకా ఎక్కువ మాట్లాడుతుందా అని నాకో అనుమానం. బల్ల మీద రాసింది అందరికీ, చేత్తో వేసింది నాకు.

మార్సెల్ మోస్ అనే ఫ్రెంచి పండితుడు 1925లో ఇచ్చిపుచ్చుకోవడాల మీద ఒక పెద్ద వ్యాసం రాశాడు. ఇచ్చినదాన్ని తీసుకోవడమూ, తీసుకున్నదానికి ఎప్పుడో ఒకప్పుడు బదులివ్వడమూ మనిషి మెడకు కట్టిన తాళ్ళలాంటివని ఆయన వాదన. 1944లో కార్ల్ పొలానీ ఇంకో అడుగు వేశాడు. ఒకప్పుడు కొనుగోళ్ళూ అమ్మకాలూ ఊరి బతుకులో ఇమిడి ఉండేవనీ, తరవాత ఊరి బతుకునే బజారులో ఇరికించారనీ, అమ్మడానికి పుట్టని మూడింటిని, భూమినీ మనిషి పనినీ డబ్బునీ, సరుకులుగా నటింపజేశారనీ అన్నాడు. ఇవి మాకు పాఠంగా ఎవరూ చెప్పలేదు. నలభై దాటాక, ఒక రిటైర్డ్ లెక్చరరుగారు జిరాక్స్ కాగితాల కట్ట చేతిలో పెట్టి "చదివి ఇచ్చెయ్" అంటే చదివాను. చదువుతుంటే నాకు లండనూ వియన్నా కనపడలేదు. మా ఊరి కళ్ళం కనపడింది. నూర్చిన ధాన్యం రాశిగా పోసి, కుంచంతో కొలిచేవారు. మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు. (లెక్క మొదలుకాకముందే లాభం వచ్చేసింది చూశారా! మా బ్యాంకులో ఏ ఆడిటరూ ఒప్పుకోడు.) కొలత ఇంటికి చేరకముందే కళ్ళం దగ్గరే మేరలు తీసేవారు: చాకలికి, మంగలికి, కమ్మరికి, వడ్రంగికి, కుమ్మరికి. సంవత్సరమంతా చేసిన పనికి ఆ గింజలే జమ.

ఈ కళ్ళం బొమ్మ గీస్తూ గీస్తూ నేను ఎప్పుడూ ఒక చోట ఆగిపోతాను. రాశి పక్కన నిలబడి కొలతలు చూసింది మా నాన్నగారు. గట్టు మీద, దూరంగా, గోనె మడత వేసుకుని నిలబడ్డది మా పాలేరు. మేర ఎంతో నిర్ణయించేది ఎవరు? కుంచం మీద గోపురం కట్టాలా, తల కొట్టాలా అన్నది ఎవరి చేతిలో ఉంది? ఆ గట్టు మీద మనిషికి మోస్ చెప్పిన కానుక ఎలా కనపడి ఉంటుంది? రోజుకూలి నోట్లలో వచ్చాక, ఎవరి చేలోకి వెళ్ళాలో తనే ఎంచుకోగలిగాక, ఆ మనిషి కొడుకు నాతో ఒకసారి అన్నాడు: "డబ్బులకి మొహమాటం ఉండదండి, అదే దాంట్లో సుఖం." బజారు ఊరిని మింగేసిందని కన్నీళ్ళు పెట్టుకునే పుస్తకాలు చదివినప్పుడల్లా నాకా మాట గుర్తొస్తుంది. మేరల కాలం తీపి అనిపించేది మేర పెట్టిన ఇంట్లో పుట్టినవాళ్ళకే. ఆ ఇంట్లోనే పుట్టాను గనక ఈ మాట నా మీదా పడుతుంది.

నాన్నగారు పోయాక ఆయన ట్రంకుపెట్టెలో అట్ట ఊడిన లెక్కల పుస్తకం దొరికింది. సార్వాకి ఒక పేజీ, దాళ్వాకి ఒక పేజీ. దుక్కి, విత్తనాలు, ఆకుమడి, ఊడ్పు కూలి, యూరియా, కలుపు, కోత, కట్టేత, నూర్పు, బండి కిరాయి. ప్రతిదానికీ ఎదురుగా రూపాయలు, పైసలు. కింద గీత గీసి, ధాన్యం అమ్మిన డబ్బులోంచి ఖర్చు తీసేసి, మిగిలింది ఇంత అని రాసుకున్నారు. మళ్ళీ మళ్ళీ తిరగేశాను. వంతు నీటి కోసం అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని చేలోకెళ్ళిన నాన్నగారు ఆ పుస్తకంలో ఎక్కడా లేరు. ఊడ్పులవాళ్ళందరికీ పొద్దున్నే వండి పంపిన అమ్మ లేదు. విత్తనాల గింజలు ఎండబోసి, పురికట్టి, ఎలకల నుంచి కాపాడిన అమ్మ కూడా లేదు. బయటివాడికి ఇచ్చినదే ఖర్చు; ఇంటివాళ్ళది ఖర్చు కాదు. ఇంట్లో జరిగే ఈ పనిని దేశాల ఆదాయ లెక్కలు చూడటం లేదని న్యూజిలాండు పార్లమెంటులో సభ్యురాలిగా పనిచేసిన మెరిలిన్ వేరింగ్ 1988లో ఒక పుస్తకమే రాసింది. మా నాన్నగారి పుస్తకం ఇంకా చిన్నది. చూడకపోవడంలో మాత్రం దేనికీ తీసిపోదు.

ఆ జిరాక్స్ కట్టలో చయనోవ్ అనే రష్యావాడున్నాడు. నన్ను పట్టి కూర్చోబెట్టింది ఆయనే. విప్లవానికి ముందు అక్కడి జిల్లా మండళ్ళు ఇల్లిల్లూ తిరిగి సేకరించిన రైతుల లెక్కలన్నీ ముందేసుకుని 1925లో ఒక పుస్తకం వేశాడు. రైతు కుటుంబం కంపెనీ కాదంటాడు. కంపెనీకి కూలి ఖర్చు, లాభం, నష్టం వేరువేరుగా కనపడతాయి. కుటుంబానికి అవన్నీ కలిసి ఏడాది చివర ఒకే ముద్దగా చేతికొస్తాయి. ఇంట్లో తినే నోళ్ళు ఎన్ని, పనిచేసే చేతులు ఎన్ని, ఇంకాస్త కష్టపడితే వచ్చేది ఆ ఒళ్ళునొప్పికి తగునా లేదా అన్నదే అక్కడ త్రాసు. అందుకే కంపెనీ మూతపడే ధర దగ్గర కూడా రైతు సాగు చేస్తూనే ఉంటాడు, తన ఒంటిని తానే పిండుకుంటూ. స్టాలిన్ కాలంలో ఆయన్ని 1930లో పట్టుకెళ్ళి, 1937లో కాల్చేశారు. రైతు కుటుంబాన్ని అది ఉన్నట్టుగా చూసినందుకు ఇటు మార్కెట్టువాళ్ళకీ కాక, అటు సమష్టి క్షేత్రాలవాళ్ళకీ కాకపోయాడు పాపం. సరిగ్గా దీనికి ఎదురుగా 1964లో షికాగోలో షుల్జ్ అనే ఆయన, పేదరైతు తన దగ్గరున్న కొద్దిపాటినే ఏ వ్యాపారికీ తీసిపోనంత లెక్కగా వాడతాడని, ధరలు సరిగ్గా ఉంచి కొత్త విత్తనం, చదువు ఇస్తే చాలని రాశాడు. 1979లో ఆయనకి నోబెల్ కూడా వచ్చింది. ఇద్దరిలో ఎవరు మా నాన్నగారిని ఎక్కువ ఎరుగుదురు? యూరియా బస్తా ధర పైసలతో సహా రాసుకున్న మనిషి షుల్జ్ రైతు. నడిరేయి గట్టు మీద నడిచిన మనిషి చయనోవ్ రైతు. ఒకే చొక్కా.

అప్పుడు తట్టింది నాకు: ఇన్నేళ్ళూ మా ఇళ్ళల్లో అమ్మిన ప్రతి బస్తాతోపాటూ కొసరొకటి వెళుతూనే ఉంది. బస్తా కాటా ఎక్కింది. అమ్మా నాన్నల ఒళ్ళు కాటా ఎక్కకుండా సంచిలో పడింది. దీనికి ఎదురుగా మిల్లు దగ్గర ఉన్న మాట కొసరు కాదు, తరుగు. ప్రభుత్వ కొనుగోలుకి ధాన్యంలో తేమ 17 శాతం దాటకూడదు. కోత కోసిన వారానికే వాన ముసురుకునే మా కోనసీమలో ఆ అంకె రైతు గుండె మీద కుంపటి. రోడ్డు మీద, గుడి ముందు, బడి ఆవరణలో ఎక్కడ పడితే అక్కడ ఎండబోసి, పట్టాలు కప్పి, తీసి, కప్పి, చివరికి లారీ ఎక్కిస్తే, తేమ ఎక్కువుందనో తాలు ఉందనో గింజ నూకవుతుందనో బస్తాకి ఇన్ని కిలోలని తరుగు తీస్తారు. కొసరు ఇచ్చేవాడి చెయ్యి. తరుగు తీసుకునేవాడి చెయ్యి. రెండూ రాసిన ధరకి బయటే జరుగుతాయి. పుస్తకంలో గీసిన సరఫరా గీతా గిరాకీ గీతా ఒక చుక్క దగ్గర కలుస్తాయి. ఆ చుక్క దగ్గర మా పెద్దన్నయ్య చేతులు కట్టుకుని నిలబడి, కాటా కుర్రాడి మొహంలోకి చూస్తుంటాడు.

2011 సార్వాలో ఈ కొసరు ఆగిపోయింది. కోనసీమ రైతులు క్రాప్ హాలిడే అన్నారు, తెలుగు పత్రికలు పంట విరామం అన్నాయి. వేలాది ఎకరాలు ఊడ్చకుండా వదిలేశారు. ఆ ఏడు ఓ పని మీద రావులపాలెం నుంచి అమలాపురం బస్సులో వెళ్ళాను. కాలవ నిండా నీళ్ళు. ఆ రోజులకి పచ్చటి తివాచీలా ఉండాల్సిన చేలల్లో తుంగ మొలిచింది. నీళ్ళు లేక బీడుపడ్డ పొలం చూశాం గానీ, నీళ్ళుండి బీడుపెట్టిన పొలం అదే చూడటం. బస్సులో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. అంతకు ముందు ఏడు సాధారణ రకం ధాన్యానికి క్వింటాలుకి మద్దతు ధర రూ. 1,000, ఆ ఏటికి రూ. 1,080 చేశారు. 75 కిలోల బస్తాకి లెక్కేస్తే రూ. 810. ఆ ధరైనా మిల్లు దగ్గర దక్కలేదని ఒక బాధ. గోదాములు నిండిపోయి ఉన్నాయి. బాస్మతి కాని బియ్యం ఎగుమతి మీద 2008 నుంచి ఉన్న నిషేధం ఆ ఏడు సెప్టెంబరుకి గానీ తొలగలేదు. పూడిపోయిన మురుగు కాలవలు, దొరకని కూలీలు, పెరిగిన కూలిరేట్లు. ప్రభుత్వం మోహన్ కందా ఆధ్వర్యంలో కమిటీ వేసింది. ఇదంతా చదివిన నా పాత క్లాస్‌మేటు ఒకడు ఫోన్లో నవ్వాడు: "ఇందులో వింతేముందిరా! ధర సగటు చరవ్యయం కంటే కిందికి పడిపోతే సంస్థ ఉత్పత్తి ఆపేస్తుంది. సెకండియర్లో చదవలేదూ?" చదివాను. కానీ వాడి సూత్రం ప్రకారం ఈ పని ఇంకా ఎన్నో ఏళ్ళ ముందే జరగాలి. అన్నాళ్ళూ ఎందుకు ఆగారో చయనోవ్ చెబుతాడు. ఇక, అందరూ ఒకే ఏడు, ఒకే మాట మీద ఎలా ఆగారు?

దానికి జవాబు పుస్తకంలో కంటే చేలోనే ఎక్కువుంది. మావైపు నీరు కాలవలోంచి బోదెలోకి, అక్కణ్ణుంచి చేను మీదుగా చేనుకి పారుతుంది. చుట్టూ అందరూ మానేస్తే మధ్యలో ఒక్కడు ఊడ్చలేడు. ఊరి ఎలకలన్నీ వాడి చేలోకే వస్తాయి, పిట్టలన్నీ వాడి కంకుల మీదే వాలతాయి. మనిషి ఒంటరిగా తన లాభం లెక్కేసుకుంటాడన్న మాట ఆ మొదటి తూము దగ్గరే తడిసిపోతుంది. కర్నూలు జిల్లాలో కాలవ కింద ఊళ్ళు కొన్ని సొంతంగా నీటి కాపలాదార్లను పెట్టుకుని, ఊరి నిధి నుంచి వాళ్ళకి జీతాలిచ్చుకున్న తీరు మీద రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు 1988లో పుస్తకం రాశాడు. ఉమ్మడి వనరుల్ని జనమే కట్టుబాట్లు పెట్టుకుని కాపాడుకోగలరని చెప్పిన ఎలినార్ ఆస్ట్రమ్‌కి 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు, ఆ బహుమతి అందుకున్న మొదటి మహిళ ఆవిడే. ఇక్కడా నా గట్టు మీద మనిషి అడ్డొస్తాడు. పంట విరామం తీర్మానం చేసిన సభలో ఊడ్పులకి వెళ్ళే ఆడవాళ్ళని ఎవరడిగారు? రైతుకి అది విరామం. కూలికి? ఉపాధి హామీ వల్లే కూలిరేట్లు పెరిగాయని ఆ సభల్లో తిట్టిన తిట్లు నేను విన్నాను. ఒకడి ఖర్చు కాలమ్‌లోని అంకే ఇంకొకరింటి జమ కాలమ్‌లో ఉంటుందని ఏ పక్షం పుస్తకమూ గట్టిగా ఒత్తి చెప్పదేం?

లెక్కలో ఎవర్ని రాయాలన్న తగువు ఢిల్లీలోనూ ఉంది. ధరలు సిఫార్సు చేసే కమిషన్ 1965 నుంచీ ఉంది. దాని పుస్తకంలో రైతు చేతి నుంచి పోయిన ఖర్చుకి ఎ2 అని పేరు. ఇంటివాళ్ళ చాకిరీకి కూలి కడితే ఎఫ్‌ఎల్. సొంత భూమికి కౌలూ, సొంత పెట్టుబడికి వడ్డీ కూడా కలిపితే సి2. స్వామినాథన్ అధ్యక్షతన రైతుల జాతీయ కమిషన్ 2006లో ఖర్చు మీద కనీసం యాభై శాతం కలిపి ధర ఇవ్వాలంది. 2018లో ప్రభుత్వం ఇచ్చామంది, కానీ ఎ2, ఎఫ్‌ఎల్ మీద. రైతు సంఘాలు సి2 మీద కావాలంటున్నాయి. మా అమ్మ అన్నాళ్ళు చేసిన చాకిరీకి ప్రభుత్వ భాషలో రెండు అక్షరాలు దొరికాయన్నమాట, అదైనా సంతోషమే. కౌలుదారుకి మాత్రం ఆ సి2 ఊహించి కట్టిన లెక్క కాదు. డెల్టాలో సగం పైగా చేలు ఇప్పుడు కౌలు మీదే కదా నడుస్తున్నాయి. బస్తాల మక్తా ముందే ఖాయం, పంట మునిగినా కట్టాల్సిందే. భూమి పేరు పాస్‌బుక్కులో ఒకరిది, చెమట ఇంకొకరిది. 1918లో అంబేద్కర్ భారతదేశంలో చిన్న కమతాల మీద ఒక వ్యాసం రాశాడు. కమతం చిన్నదా పెద్దదా అన్నది ఎకరాలతో తేల్చేది కాదని, దాని మీద పెట్టే పెట్టుబడీ చేతులూ ఎంతో చూడాలని, నేల మీద ఆధారపడ్డ జనం ఎక్కువవడమే అసలు జబ్బని ఆయన వాదన. ఇప్పుడు కోనసీమ జిల్లాకి ఆయన పేరే. ఆ వ్యాసం సంగతి అక్కడ ఎంతమందికి తెలుసో గానీ.

బ్యాంకులో ఉండగా ఒక కౌలురైతు నా కౌంటరు ముందు నిలబడ్డ రోజొకటి ఉంది. ఎకరానికి ఏ పంటకి ఎంత అప్పివ్వాలో జిల్లా కమిటీ నిర్ణయించిన పట్టిక నా బల్ల అద్దం కింద ఉండేది. కౌలుదార్లకి గుర్తింపు కార్డులివ్వాలని 2011లో చట్టం వచ్చింది కదా, కార్డు తెమ్మన్నాను. "ఆసామి ఒప్పుకోవడం లేదండి, రేపు భూమి నాదంటానని భయం" అన్నాడు. నా దగ్గర ఆ మాటకి కాలమ్ లేదు. ఎన్నేళ్ళుగా చేస్తున్నావని అడిగాను. పదహారేళ్ళండి అన్నాడు. పదహారేళ్ళు ఒక చేను గట్లన్నీ కాలి వేళ్ళతో ఎరిగిన మనిషి. కాగితం మీద భూమి లేనివాడు. ఆ పక్క కుర్చీలో, హైదరాబాదు నుంచి అదే పనిగా వచ్చిన ఓ ఆసామి, చేను మొహం చూసి ఎన్నేళ్ళయిందో, పాస్‌బుక్కు పెట్టి పంట అప్పు తీసుకున్నాడు. నిబంధన ప్రకారం రెండూ సరైన పనులే. సాయంత్రం లెక్క పైసాతో సహా కుదిరింది.

నిన్న ఓ తెలివితక్కువ పని చేశాను. వారంగా వానలు, కొత్తిమీర ధర మండిపోతోంది. ఆవిడ ఎప్పట్లాగే వంకాయలు తూచి, డబ్బా అంకె చెప్పాక, ఓ గుప్పెడు కొత్తిమీర తీసి సంచిలో వెయ్యబోయింది. ఇంత ప్రియంగా ఉన్నప్పుడు ఊరికే తీసుకోవడమేమిటని నా మనసు పీకింది. పొలానీ, చయనోవ్ అంటూ పదిరోజులుగా బుర్ర వేడెక్కి ఉండటం కూడా కారణం కావచ్చు. "ఉండమ్మా, దీనికీ ఎంతో చెప్పు, కొడతాను" అన్నాను, ఫోను మళ్ళీ తీస్తూ. ఆవిడ చెయ్యి గాల్లోనే ఆగింది. నా మొహంలోకి ఓసారి చూసింది. గుప్పెడు కొత్తిమీరా తట్టలో పెట్టేసి, పక్కనున్న చిన్న కట్టల్లోంచి ఒకటి ఏరి, నీళ్ళు దులిపి, నా చేతికిచ్చింది.

"పదిహేను రూపాయలండి."

కొట్టాను. డబ్బా వీధంతా వినపడేలా చెప్పింది.